అండాశయ క్యాన్సర్ స్టేజింగ్ ఆపరేషన్: కీహోలా, ఓపెనా? తరచుగా అడిగే ప్రశ్నలు

గైనిక్ క్యాన్సర్ వార్డులోనూ ఆపరేషన్ థియేటర్‌లోనూ చాలా ఏళ్లు నర్సుగా చేశాను. ఇప్పుడు ఆపరేషన్‌కి ముందు పేషెంట్‌తో, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం నా పని. డాక్టర్ గారు రౌండ్స్ ముగించి వెళ్లాక వరండాలో నన్ను ఆపి, "సిస్టర్, ఇందాక చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు" అనేవాళ్లే ఎక్కువ. ఈ ప్రశ్నలు వాళ్లవే. మీ ఇంట్లో మనిషికి ఏది సరిపోతుందో స్కానులు, రిపోర్టులు చూసిన డాక్టరే చెప్పాలి. ఆయన దగ్గరికి వెళ్లే ముందు ఇది చదివితే, అక్కడ ఏం అడగాలో తెలుస్తుంది.

గడ్డ తీసేస్తే అయిపోతుంది కదా సిస్టర్, పొట్టంతా వెతకడం ఎందుకు?

అండాశయ క్యాన్సర్ పాకే పద్ధతి వేరు. అండాశయం పొట్టలోని ఖాళీలో వేలాడుతూ ఉంటుంది. దాని పైనుంచి రాలిన కణాలు పొట్టలో ఉండే కొద్దిపాటి నీటితో పాటు తిరిగి ఎక్కడపడితే అక్కడ అంటుకుంటాయి. వంటింట్లో ఆవాల డబ్బా చేయి జారితే ఎలా ఉంటుందో అలా అనుకోండి. కంటికి కనబడినవి ఎత్తేస్తాం. గట్టు కింద, సిలిండర్ వెనక పడినవి వారం తర్వాత కనబడతాయి. పొట్టలో కూడా అలాంటి మూలలున్నాయి: ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండర పొర అడుగు భాగం, పెద్దపేగుకు రెండు పక్కలా ఉండే సందులు, గర్భసంచి వెనక పల్లం, పేగుల మీద దుప్పటిలా పరుచుకునే ఒమెంటమ్ అనే కొవ్వు పొర.

స్టేజింగ్ అంటే ఈ మూలలన్నీ పద్ధతిగా వెతకడం. పొట్ట లోపలికి వెళ్లగానే, దేన్నీ కదిలించకముందే, సెలైన్ పోసి కడిగి ఆ నీటిని ల్యాబ్‌కి పంపుతారు. తర్వాత గడ్డ ఉన్న అండాశయాన్ని ట్యూబుతో సహా తీస్తారు. పిల్లల అవసరం తీరినవాళ్లకు రెండో అండాశయం, గర్భసంచి కూడా తీస్తారు. ఒమెంటమ్ తీస్తారు. ఇందాక చెప్పిన మూలల నుంచి, అనుమానం కలిగించిన ప్రతిచోట నుంచి చిన్నచిన్న ముక్కలు తీస్తారు. అవసరాన్ని బట్టి లింఫ్ గ్రంథులు తీస్తారు. ఒక్కోదాన్ని విడి సీసాలో వేసి, ఎక్కడిదో చీటీ అంటిస్తాం. ఒక్క పేషెంట్‌కి పది, పన్నెండు సీసాలు వెళ్లిన రోజులున్నాయి.

ఇదంతా అవసరమా అంటే, 1983లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. తొలిదశ అనుకున్న 100 మందికి మళ్లీ పద్ధతిగా స్టేజింగ్ చేస్తే, 31 మందిలో జబ్బు అనుకున్నదానికంటే ముందుకు పాకి ఉంది. ఆ 31 మందిలో 23 మందికి అది ఏకంగా మూడో స్టేజ్. ఆ వెతుకులాటే లేకపోతే వాళ్లంతా "తొలిదశే, భయం లేదు" అన్న మాట విని ఇంటికి వెళ్లిపోయేవాళ్లు.

స్కాన్‌లో స్టేజ్ తెలిసిపోదా?

పెద్దవి తెలుస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల చుక్కలు సీటీలో కనబడకపోవచ్చు, పెట్ స్కాన్‌లోనూ తప్పిపోవచ్చు. స్కాన్ క్లియర్‌గా ఉండి, పొట్ట తెరిచాక డయాఫ్రమ్ మీద ఇసుక చల్లినట్టు కనబడిన కేసులు నా కళ్లతో చూశాను. స్కాన్ చూసి ఆపరేషన్ ఎలా చేయాలో ప్లాన్ చేస్తారు. స్టేజ్ మాత్రం ఆపరేషన్‌లో కనబడినదాన్ని, బయాప్సీ రిపోర్టును కలిపి రాస్తారు.

ముందే సూదితో ముక్క తీసి టెస్ట్ చేయొచ్చు కదా? అదేదో తేలితే టెన్షన్ ఉండదు.

గడ్డ అండాశయం దాటలేదనిపించినప్పుడు సూది గుచ్చకూడదు. లోపల క్యాన్సర్ ఉంటే ఆ రంధ్రం గుండా కణాలు పొట్టలోకి కారతాయి. అండాశయంలో ఉన్నదాన్ని మనమే బయటికి తెచ్చినట్టు అవుతుంది. జబ్బు అప్పటికే ఒమెంటమ్‌కి, పొట్ట గోడకు పాకి, ముందు కీమో ఇవ్వాలనుకున్నప్పుడు ఆ పాకిన చోటు నుంచి సూదితో ముక్క తీస్తారు. అది వేరే సంగతి.

కీహోల్ అంటే లేజర్ ఆపరేషనేనా?

కాదు. మన దగ్గర చిన్న కోత ఆపరేషన్ అనగానే "లేజర్" అనేస్తారు. కీహోల్‌లో, అంటే ల్యాప్రోస్కోపీలో, లేజర్ ఏమీ ఉండదు. బొడ్డు దగ్గర ఒక రంధ్రం, ఇంకో మూడు నాలుగు చోట్ల చిన్న రంధ్రాలు. ఒక్కోటి సుమారు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర లోపు. కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కించి పొట్టను ఉబ్బించి, కెమెరా దింపి, సన్నని పొడవాటి పనిముట్లతో పని చేస్తారు. డాక్టర్లు, మేము అందరం టీవీ తెర వైపే చూస్తుంటాం.

ఓపెన్‌లో బొడ్డు మీద నుంచి కింద దాకా నిలువుగా కోస్తారు. అవసరమైతే ఆ కోత రొమ్ము ఎముక దగ్గరి దాకా వెళ్తుంది.

నిలువుగా ఎందుకు? సిజేరియన్‌కి చేసినట్టు కింద అడ్డంగా కోయొచ్చు కదా?

అడ్డకోతలో పొట్ట కింది భాగమే చేతికి అందుతుంది. డయాఫ్రమ్, కాలేయం పైభాగం, కిడ్నీ రక్తనాళాల దాకా ఉండే లింఫ్ గ్రంథులు అందవు. క్యాన్సర్ అనుమానం ఉన్న గడ్డకు అడ్డకోత పెడతామని ఎవరైనా అంటే, "పైన ఎలా చూస్తారు డాక్టర్ గారూ?" అని తప్పకుండా అడగండి.

క్యాన్సర్ నయమవ్వడానికి ఏది మంచిది? అది ఒక్కటి చెప్పండి చాలు.

అందరూ అడిగేది ఇదే. ఏదో ఒక పేరు చెప్పేస్తే మీకు హాయిగా ఉంటుంది. కానీ అలా చెబితే అబద్ధమవుతుంది.

ఒక వైద్యం ఇంకోదానికంటే మేలని గట్టిగా చెప్పాలంటే, పేషెంట్లను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో రకం వైద్యం చేసి, ఏళ్ల తరబడి గమనించాలి. తొలిదశ అండాశయ క్యాన్సర్‌లో కీహోల్‌ని, ఓపెన్‌ని అలా పోల్చిన ట్రయల్స్ ఉన్నాయా అని, వైద్య పరిశోధనలన్నీ కూడగట్టి పరిశీలించే కాక్రేన్ సంస్థ పరిశోధకులు 2008లో వెతికారు, 2013లో వెతికారు, 2016లో మళ్లీ వెతికారు. మూడుసార్లూ ఒక్కటి కూడా దొరకలేదు. తొలిదశలోనే బయటపడేవాళ్లు తక్కువ కాబట్టి, అలాంటి ట్రయల్‌కి సరిపడా మందిని కూడగట్టడమే కష్టం.

ఉన్నవన్నీ పాత కేసుషీట్లు తిరగేసి లెక్కకట్టిన అధ్యయనాలు. అనుభవమున్న చేతుల్లో, సరిగా ఎంచుకున్న పేషెంట్లలో, జబ్బు తిరగబెట్టడంలోనూ ప్రాణం నిలవడంలోనూ పెద్ద తేడా లేదనే వాటిలో చాలావరకు చెబుతున్నాయి. రక్తం పోవడం, ఆసుపత్రిలో ఉండే రోజులు కీహోల్‌లో తక్కువ. అయితే ఒక మెలిక ఉంది. చిన్న గడ్డ, తేలిక కేసు అయినప్పుడే సర్జన్ కీహోల్ ఎంచుకుంటారు. కష్టమైనవన్నీ ఓపెన్‌కి వెళ్తాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తి న్యాయం కాదు.

ఇంకో విషయం కూడా డాక్టర్లను ఆచితూచి అడుగు వేయిస్తోంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కీహోల్ కూడా ఓపెన్‌తో సమానమేనని ఏళ్లపాటు అనుకున్నారు. 631 మందితో ట్రయల్ చేసి 2018లో ఫలితం ప్రకటిస్తే కథ తిరగబడింది. నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు ఓపెన్‌లో 96.5 శాతం, కీహోల్, రోబో వర్గంలో 86 శాతం. అది వేరే అవయవం, వేరే జబ్బు. దాన్ని అండాశయానికి నేరుగా అన్వయించకూడదు. కానీ ట్రయల్ చేయకుండా సమానమే అనేయకూడదని అప్పటి నుంచి అందరికీ అర్థమైంది.

కాబట్టి నా మాట ఇది. కోత ఎంత అని మొదట అడగకండి. గడ్డ పగలకుండా బయటికి వస్తుందా, పొట్టంతా వెతకడం కుదురుతుందా అని అడగండి. ఈ రెండూ కీహోల్‌లో కుదిరితే కీహోల్ మంచిది. ఏ ఒక్కటి అనుమానమైనా ఓపెన్ మంచిది.

గడ్డ పగిలితే ఏమవుతుంది? ఒట్టి నీళ్ల తిత్తే కదా?

ఇది కొంచెం నింపాదిగా చదవండి.

జబ్బు అండాశయం లోపలే, పైపొర చెక్కుచెదరకుండా ఉంటే స్టేజ్ 1ఏ. రెండు అండాశయాల్లోనూ అలాగే ఉంటే 1బీ. అదే గడ్డ ఆపరేషన్‌లో పగిలి లోపలి ద్రవం పొట్టలో చిందితే 1సీ1 అవుతుంది. ఆపరేషన్‌కి ముందే దానంతట అదే పగిలి ఉన్నా, పైపొర మీద జబ్బు ఉన్నా 1సీ2. కడిగిన నీటిలో క్యాన్సర్ కణాలు కనబడితే 1సీ3. 2014లో ఫిగో అనే అంతర్జాతీయ గైనిక్ డాక్టర్ల సంస్థ మార్చిన పద్ధతి ఇది. అంటే పొద్దున థియేటర్‌లోకి 1ఏగా వెళ్లిన మనిషి, ఎవరో పట్టుకారు గట్టిగా లాగినందుకు మధ్యాహ్నానికి 1సీ1గా బయటికి రావచ్చు.

కాగితం మీద మారే అంకె మాత్రమే కాదు ఇది. మొదటి స్టేజ్ పేషెంట్లు 1,545 మంది వివరాలు కలిపి చూసి 2001లో ప్రచురించిన విశ్లేషణలో, జబ్బు తిరగబెట్టడాన్ని అన్నిటికంటే ఎక్కువగా ప్రభావితం చేసింది కణాల గ్రేడ్, అంటే అవి ఎంత ఉధృతంగా ఉన్నాయో చెప్పే అంకె, అని తేలింది. గడ్డ పగలడం కూడా దాని ప్రభావం అది చూపింది. కీహోల్‌లో గడ్డ పగిలే అవకాశం ఓపెన్ కంటే ఎక్కువని 2020లో అమెరికా రికార్డులతో చేసిన మరో పెద్ద విశ్లేషణ చెప్పింది.

మా సొంత పిన్నికి జరిగింది చెబుతాను. పన్నెండు సెంటీమీటర్ల గడ్డ. నేను అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను. ఇంటి దగ్గరి నర్సింగ్ హోమ్‌లో "తిత్తే, మూడు రంధ్రాలతో తీసేస్తాం, ఎల్లుండి ఇంటికెళ్లిపోవచ్చు" అన్నారు. తీశారు. బయట నిలబడ్డ మా బాబాయికి స్టీలు ట్రేలో తెచ్చి చూపించారు. ఆయన ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపాడు. ట్రేలో ఉన్నది నలిగిపోయిన నాలుగు ముక్కలు, వాటి పక్కన జిగురు. గుచ్చి, ద్రవం పీల్చి, గడ్డ ముడుచుకున్నాక ముక్కలుగా లాగేశారు. కడిగిన నీరు ఎక్కడికీ పంపలేదు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. మ్యూసినస్ అనే, జిగురు స్రవించే రకం క్యాన్సర్, గ్రేడ్ 1. ఆ గడ్డ నిండుగా, పగలకుండా వచ్చి, స్టేజింగ్‌లో ఎక్కడా ఏమీ కనబడకపోతే ఆవిడకు కీమో అవసరమే ఉండకపోవచ్చు. అదేమీ జరగలేదు కాబట్టి రెండో ఆపరేషన్ పడింది, కీమో కూడా పడింది. పిన్ని ఇప్పుడు బాగానే ఉంది. ఆ ఫొటో మాత్రం నేను ఫోన్‌లోంచి తీసేయలేదు.

సరిగా చేసే కీహోల్ ఇలా ఉండదు. గడ్డను వేరుచేయగానే పొట్ట లోపలికి ఒక ప్లాస్టిక్ సంచి పంపుతారు. గడ్డను అందులో వేసి, మూతి బిగించి, ఆ మూతిని రంధ్రం గుండా బయటికి లాగుతారు. ద్రవం తీయాల్సి వస్తే సంచి లోపలే, బయటి నుంచే తీస్తారు. ఒక్క చుక్క పొట్టలో పడదు. సంచి పట్టకపోతే రంధ్రాన్ని నాలుగైదు సెంటీమీటర్లు పెంచుతారు, లేదా ఓపెన్‌కి మారతారు.

ఎంత సైజు దాకా కీహోల్‌లో చేయొచ్చు?

ఇంత అని గీత లేదు. పది సెంటీమీటర్లు దాటితే చాలామంది సర్జన్లు వెనకాడతారు. సైజు ఒక్కటే కాదు, పేగులకో పక్కలకో అతుక్కుని ఉందా, గట్టి గడ్డా నీటి గడ్డా అనేది కూడా చూస్తారు. గట్టి గడ్డ సంచిలో ముడుచుకోదు. దాన్ని బయటికి తేవాలంటే కోత కావాల్సిందే.

ఆపరేషన్ టేబుల్ మీదే క్యాన్సరో కాదో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. తీసిన గడ్డను వెంటనే పక్కనున్న పాథాలజీకి పంపితే గడ్డకట్టించి, పలచని పొరలు కోసి, మైక్రోస్కోప్ కింద చూసి అరగంటలో ఫోన్ చేస్తారు. దీన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. క్యాన్సర్ అంటే అదే మత్తులో స్టేజింగ్ పూర్తి చేస్తారు, కాదంటే కుట్లు వేసేస్తారు. పెద్ద మ్యూసినస్ గడ్డల్లో, బోర్డర్‌లైన్ అనే మధ్యస్థ రకంలో ఇది తప్పవచ్చు. చివరి మాట వారం పది రోజులకు వచ్చే పూర్తి రిపోర్టుదే. మీరు వెళ్లే ఆసుపత్రిలో ఫ్రోజెన్ సౌకర్యం ఉందా లేదా అన్నది ముందే అడగండి. లేని చోట అనుమానపు గడ్డకు ఆపరేషన్ చేయించుకోకండి.

పొట్టలో నీరు చేరింది, సీఏ-125 ఐదొందలు ఉంది. స్టేజ్ 3 క్యాన్సరే అంటున్నారు మావాళ్లంతా.

మీవాళ్లంతా అంటున్నారు సరే, బయాప్సీ ఏమంది? సీఏ-125 అనే రక్తపరీక్ష అంకె మామూలుగా 35 లోపు ఉండాలి. క్యాన్సర్‌లోనే కాదు, ఎండోమెట్రియోసిస్‌లో, ఫైబ్రాయిడ్లలో, నెలసరి సమయంలో కూడా అది పెరుగుతుంది. మన దేశంలో మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది పొట్ట క్షయ. పొట్టలో నీరు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, ఒమెంటమ్ మందంగా కనబడటం, సీఏ-125 వందల్లోకి వెళ్లడం అన్నీ క్షయలోనూ ఉంటాయి. ఇల్లంతా ఏడ్చి, ఆస్తుల పంపకం మాటలు కూడా అయిపోయాక, బయాప్సీలో టీబీ అని వచ్చి ఆరు నెలలు మందులు వాడి మామూలు మనిషైన ఆవిడను నేను చూశాను.

ఇలాంటి చోట కీహోల్ చాలా విలువైనది. చిన్న రంధ్రంతో లోపలికి వెళ్లి చూసి, ముక్క తీసి బయటికి వస్తే సంగతి తేలిపోతుంది. అనవసరంగా పొట్టంతా కోసే పని ఉండదు.

నిజంగా ముదిరిన క్యాన్సరే అయినా ముందుగా కెమెరాతో చూడటం పనికొస్తుంది. నెదర్లాండ్స్‌లో 201 మందితో చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. నేరుగా పొట్ట తెరిచిన వర్గంలో 39 శాతం మందికి, జబ్బంతా తీయలేక చేసిన ఆపరేషన్ వృథా అయింది. ముందు కెమెరాతో చూసిన వర్గంలో అలా అయింది 10 శాతం మందికే. తీయగలిగేలా ఉంటే ఆపరేషన్, లేకపోతే ముందు మూడు కీమోలు అని నిర్ణయించుకోవడానికి ఆ చూపు సాయపడింది.

స్టేజ్ 3లో మొత్తం ఆపరేషన్ కూడా కీహోల్‌లోనే చేయించుకోవచ్చా?

ఇప్పటికి ఓపెనే పద్ధతి. అక్కడ లక్ష్యం కంటికి కనబడే ప్రతి చుక్కా తీసేయడం. కొన్నిసార్లు పేగు ముక్క, ప్లీహం కూడా తీయాల్సి వస్తుంది. చేత్తో తడిమి చూడాలి. కీమో బాగా పనిచేసి జబ్బు కుంచించుకుపోయిన వాళ్లలో కీహోల్ సరిపోతుందా అని తేల్చడానికి లాన్స్ అనే అంతర్జాతీయ ట్రయల్ పెట్టారు. అది తేలేదాకా "చిన్న కోతతోనే అన్నీ తీసేస్తాం" అన్న ప్రకటనలు చూసి ఊరూరా తిరగకండి.

రోబోతో చేస్తే ఇంకా మంచిదంట కదా?

రోబో కూడా కీహోలే. పనిముట్లు పట్టుకునే చెయ్యి మారుతుంది, బిల్లు మారుతుంది. సర్జన్‌కు ఒడుపు పెరుగుతుంది నిజమే. అండాశయ స్టేజింగ్‌లో పేషెంట్ ఎక్కువకాలం బతకడానికి అది కారణమవుతుందని రుజువు లేదు. అప్పు చేసి రోబో చేయించకండి.

లింఫ్ గ్రంథులన్నీ తీయాల్సిందేనా? కాళ్లు వాస్తాయట.

తొలిదశలో అవి తీసి చూడటం స్టేజింగ్‌లో భాగమే. గడ్డ రకాన్ని, గ్రేడ్‌ను బట్టి కొందరికి అక్కర్లేదనుకుంటారు. ముదిరిన దశలో, జబ్బంతా తీసేశాక గ్రంథులు మామూలుగానే కనబడుతుంటే వాటిని తీయడం వల్ల ఆయుష్షు పెరగలేదని, ఇబ్బందులే పెరిగాయని 647 మందితో చేసి 2019లో ప్రచురించిన లయన్ ట్రయల్ తేల్చింది. కాలి వాపు కొందరికి వస్తుంది. వస్తే వెంటనే చెప్పండి, మొదట్లో పట్టుకుంటే కట్లు, వ్యాయామంతో అదుపులో ఉంటుంది.

మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు. పొట్ట మీద అంత గీత పడితే రేపు సంబంధాలు ఎలా చూస్తాం?

ఈ మాట తల్లులు నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడుగుతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ గీత కోసం చూసి గడ్డ పగలగొట్టుకుంటే ఆ పిల్లకు మిగిలేది కీమో.

పిల్లలు పుట్టే అవకాశం సంగతి ముందు మాట్లాడుకుందాం. జబ్బు ఒక అండాశయానికే పరిమితమైతే ఆ ఒక్కదాన్ని, దాని ట్యూబును తీసి, మిగతా స్టేజింగ్ చేసి, గర్భసంచిని, రెండో అండాశయాన్ని ఉంచేస్తారు. నెలసరి వస్తుంది, గర్భం నిలుస్తుంది. ఈ మాట ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌తో తేల్చుకుని, సంతకం చేసే కాగితంలో రాయించండి.

ఈ వయసులో వచ్చే క్యాన్సర్ గడ్డల్లో, అండాలుగా మారే కణాల నుంచి పుట్టే జెర్మ్ సెల్ రకం ఎక్కువ. ఆపరేషన్‌కి ముందే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు చేయించాలి. ఇవి గట్టిగా, పెద్దగా, వేగంగా పెరుగుతాయి. అందుకే చాలాసార్లు ఓపెన్ తప్పదు. మంచి సంగతేమిటంటే కీమోకి బాగా లొంగుతాయి. ఇలా చేయించుకుని, పెళ్లయి, బిడ్డనెత్తుకుని ఫాలోఅప్‌కి వచ్చిన అమ్మాయిలు మా వార్డులో అందరికీ పేరుపేరునా తెలుసు.

తిత్తి అని వేరేచోట తీసేశారు. ఇప్పుడు రిపోర్టులో క్యాన్సర్ అంటున్నారు. ఏం చేయాలి?

ముందు ఆ ఆసుపత్రికి వెళ్లి స్లైడ్లు, తీసిన ముక్కలను దాచిన మైనం బ్లాకులు, ఆపరేషన్ నోట్స్ తీసుకోండి. వీడియో ఉంటే అదీ అడగండి. అవి పేషెంట్ హక్కు, గొడవ పడకుండా గట్టిగా అడిగితే ఇస్తారు. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ స్లైడ్లు మళ్లీ చదువుతారు. ఆ తర్వాత మళ్లీ స్టేజింగ్ చేయాలా అన్నది మాట్లాడతారు.

రీస్టేజింగ్‌కి కీహోల్ బాగా నప్పుతుంది. పగిలే గడ్డ ఎలాగూ లోపల లేదు, చేయాల్సింది వెతకడమే. ఫ్రాన్స్ సర్జన్లు 1994లోనే కిడ్నీ రక్తనాళాల దాకా లింఫ్ గ్రంథులను ఇలా తీసి చూపించారు. కెమెరా పెద్దదిగా చూపిస్తుంది కాబట్టి డయాఫ్రమ్ అడుగు భాగం లాంటి చోట్లు ఓపెన్ కంటే బాగా కనబడతాయి. చేత్తో తడిమే అవకాశం మాత్రం పోతుంది.

"ఎలాగూ కీమో ఇస్తారుగా, ఇంకో ఆపరేషన్ ఎందుకు" అని కొందరు అంటారు. తొలిదశలో కీమో ఇచ్చినవాళ్లను, ఇవ్వనివాళ్లను పోల్చి యూరప్‌లో 448 మందితో చేసిన యాక్షన్ ట్రయల్‌లో పూర్తి స్టేజింగ్ జరిగింది సుమారు మూడో వంతు మందికే. కీమో లాభం స్పష్టంగా కనబడింది మిగతా, అంటే సరిగా వెతకని, వాళ్లలో. దాక్కుని ఉండిపోయిన జబ్బు మీదే కీమో పనిచేసిందని దాన్నిబట్టి చాలామంది డాక్టర్లు అర్థం చేసుకున్నారు. సరిగా వెతికితే కొందరు కీమో తప్పించుకోవచ్చు, కొందరికి కీమో తప్పదని ఖాయంగా తెలుస్తుంది.

కోలుకోవడంలో తేడా ఎంత?

కీహోల్ అయితే రెండు మూడు రోజుల్లో, ఓపెన్ అయితే సుమారు వారంలో ఇంటికి వెళ్తారు. ఇంటిపనులకు కీహోల్ వాళ్లకు మూడు వారాలైతే, ఓపెన్ వాళ్లకు ఆరు పడుతుంది. కీహోల్ అయిన రెండో రోజు భుజం పీకేస్తోందని భయపడతారు. అది పొట్టలో మిగిలిన గ్యాస్ డయాఫ్రమ్‌ను ఒత్తడం వల్ల, రెండు రోజుల్లో పోతుంది. త్వరగా కోలుకుంటే కీమో కూడా ఆలస్యం కాకుండా మొదలవుతుంది.

ఏ ఆపరేషనైనా మర్నాడే లేచి నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం క్యాన్సర్ పేషెంట్లకు ఎక్కువ. అందుకే, ముఖ్యంగా ఓపెన్ తర్వాత, నాలుగు వారాల పాటు పొట్టమీద వేసుకునే ఇంజెక్షన్లు ఇస్తారు. ఖర్చని మధ్యలో ఆపకండి.

పప్పు తింటే చీము పడుతుందని అత్తలు, అమ్మలు పచ్చిమిరప కారం కూడా లేని మెత్తటి అన్నం, చారుతో నెల్లాళ్లు గడిపిస్తారు. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. కుట్టు మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. ఆవిడ తినేదాకా పక్కన కూర్చోండి.

ఆరోగ్యశ్రీలో అవుతుందా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం క్యాన్సర్ ఆపరేషన్లకు వర్తిస్తాయి. మీ ఆసుపత్రిలో, మీ ఆపరేషన్‌కి ఏమేం వస్తాయో ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడ్మిట్ కాకముందే అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా అండాశయ క్యాన్సర్లు తరచుగా చేసే గైనిక్ ఆంకాలజీ సర్జన్‌నో, సర్జికల్ ఆంకాలజిస్ట్‌నో అడగండి. ప్రసవాలు, తిత్తులు చూసే డాక్టరమ్మ ఎంత మంచావిడైనా ఇది ఆవిడ పని కాదు.

అమ్మకు క్యాన్సర్ అని చెప్పలేదు. మీరు కూడా గడ్డ అనే చెప్పండి సిస్టర్, ప్లీజ్.

ప్రేమతోనే అడుగుతారని నాకు తెలుసు. కానీ సంతకం పెట్టేది ఆవిడ. కీహోల్‌తో మొదలుపెట్టి, లోపల అతుక్కుని ఉంటేనో, గడ్డ పగిలేలా ఉంటేనో, వెతకడం కుదరకపోతేనో ఓపెన్‌కి మారతారు. అలా మారడం సర్జన్ ఓటమి కాదు, మంచి నిర్ణయం. ఆ సంగతి ఆవిడకు ముందే తెలిసుండాలి. మూడు రంధ్రాలని నమ్మి పడుకున్న మనిషి, కళ్లు తెరిచేసరికి బొడ్డు పైనుంచి కింద దాకా పట్టీ ఉంటే ఏమనుకుంటుంది?

కిందటేడాది ఒక పెద్దావిడకు అలాగే జరిగింది. కొడుకులిద్దరూ వద్దన్నా, ఆపరేషన్ ముందురోజు సాయంత్రం డాక్టర్ గారు కూర్చుని అంతా చెప్పారు. ఆవిడ విని, కాసేపు కిటికీలోంచి చూసి, "పగలకుండా తియ్యి నాయనా, ఎంత కోసినా పర్లేదు" అంది. మర్నాడు ఐసీయూలో మత్తు దిగుతుంటే మొదట పట్టీ మీద చెయ్యి వేసుకుని తడిమింది. తర్వాత నా వైపు తిరిగి, "పగల్లేదుగా?" అంది. "లేదమ్మా, నిండుగా వచ్చింది" అన్నాను. మళ్లీ కళ్లు మూసుకుంది.